సుద్దగీత పడిన పీపా

1997 జనవరి 14, మంగళవారం

నాన్నకి జ్వరం దిగలేదు. ఫ్లూ అన్నాడు డాక్టరు. డెబ్భై దాటాక ఇది ఆటలు కాదమ్మా, మంచం దిగనివ్వకు అన్నాడు. చెప్పడానికేం, తేలికే. పొద్దుటినుంచి దిగుతూనే ఉన్నాడు. ఒకసారి చొక్కా వేసుకుని, టోపీ కూడా పెట్టేసుకుని మెట్ల దాకా వచ్చాడు. పీపాల్లో అడుగుకి దిగిన వైన్ మడ్డి తీయాలట, బయట చలి పొడిగా ఉందట, ఇవాళ వదిలేస్తే మళ్ళీ ఇలాంటి రోజు ఎప్పుడొస్తుందో అని ఒకటే గొణుగుడు. నేను తీస్తాను నాన్నా అన్నాను. నువ్వా, అన్నాడు. ఆ ఒక్క మాట చాలు నా ఒళ్ళు మండడానికి.

రెజీస్‌ని పిలిచాను. పక్క తోట వాడు. చిన్నప్పుడు నా జడ లాగి ఏడిపించినవాడు, ఇప్పుడు నడుం నొప్పి అని ఏడుస్తాడు గానీ పనిలోకి దిగితే ఎద్దే. ఇద్దరం కొండ తొలిచి చేసిన మా వైన్ గుహలో సాయంత్రం దాకా పంపు పెట్టి, ఒక్కో పీపాలోంచి తేట వైన్ తీసి, మడ్డి కడిగి, పీపా పాడవకుండా లోపల గంధకం వత్తి వెలిగించి, మళ్ళీ నింపాం. నాన్న లేకుండా ఈ పని చెయ్యడం ఇదే మొదలు.

ఎడమ గోడ కారుతోంది. వానలకి కొండ రాయి నీళ్ళు తాగేసినట్టుంది, ఎడమ వరస పీపాల మీద చినుకులు పడుతూనే ఉన్నాయి. ఎలాగూ అన్నీ ఖాళీ చేస్తున్నాం కదా అని, మా రెండు తోటల్లో కొండ గట్టు తోట వైన్‌ని కుడి వరసలోకి నింపాను, ఏటి పక్క గులక తోట వైన్‌ని ఎడమ వరసలోకి. పంపు దగ్గరున్న రెజీస్ ఏది ఎటు పోతోందో పట్టించుకోలేదు. గులకది ఎండాకాలం రాకుండానే అమ్ముడైపోతుంది, దాని పీపాలకి కాస్త తడి తగిలితే ఏమైంది. గట్టుదాంట్లో ఇంటికి దాచుకునేది ఏళ్ళ తరబడి ఉండాల్సింది.

మా ఇంట్లో తాతల నాటినుంచి గట్టుది ఎడమ, గులకది కుడి. నాన్న లేచాక చెప్పాలి. గుహ ఎగిరిపోయేట్టు అరుస్తాడు.

జనవరి 23

లేచాడు. సగానికి తగ్గిపోయాడు. చెప్దామని నోరు తెరిచేలోపు, అన్నీ సరిగ్గా చేశావా అన్నాడు. చేశాను అన్నాను. హమ్మయ్య అని కళ్ళు మూసుకున్నాడు. ఇంకేం చెప్తాను. ఓ వారం పోనీ.

లియోంతీన్ అత్త వచ్చి సూపు చేసింది. మేనత్త వంట గురించి రాయకూడదు గానీ, మాడిపోయింది. అడుగంటిన వాసన హాల్లోకి కూడా వచ్చింది. నాన్న మాత్రం గిన్నె నాకేసి, ఇంకాస్త వెయ్యవే అన్నాడు. అత్త మొహం చూడాలి. జ్వరం నుంచి లేచాడు కదా, ఆకలి.

ఫిబ్రవరి 9, ఆదివారం

గట్టు తోటలో కొమ్మలు కత్తిరించడం అయిపోవచ్చింది. కత్తిరించిన పుల్లల్ని చక్రాల బండిలో వేసి అక్కడే కాలుస్తున్నాం. పొగ కింద లోయలోకి దిగి నది మీద పరుచుకుంటోంది. నాన్న మంట పక్కన బోర్లించిన బుట్ట మీద కూర్చుని, అది అంత పొడుగు వదలకు, ఇది మరీ మొదలంటా కొట్టకు అని పెత్తనం చేస్తున్నాడు. నిప్పుల మీద సాసేజ్‌లు కాల్చుకుని తిన్నాం. రెజీస్ సీసా తెచ్చాడు. వాడు పుట్టిన ఏడాది, అరవై నాలుగు. దాచుకున్నవాటిలో ఇంక నాలుగో ఐదో మిగిలుంటాయి, అయినా గొప్పకి తెచ్చాడు. అరవై నాలుగులో ఎండలు బాగా కాశాయి. నేను అరవై మూడు. ఆ ఏడాది ద్రాక్ష పండలేదు, వానకి సగం కుళ్ళింది, మిగిలిన సగం పచ్చిగానే తెంపారు. ఆ వైన్ వాసన చూస్తే కోసిన క్యాప్సికం తప్ప ఇంకేం ఉండేది కాదట. బళ్ళో చదివేటప్పుడు నా పేరు ఆర్మెల్ అని ఎవరన్నా పిలిచారా? క్యాప్సికం పిల్ల. ఇవాళ కూడా రెజీస్ గ్లాసెత్తి, అరవై మూడు దీవించాలి అరవై నాలుగుని అన్నాడు. కత్తెర విసిరాను. తగల్లేదు.

రెండు తోటల్లోనూ ఒకటే జాతి తీగ. మా వైపు బ్రెతోన్ అంటారు. ఏటి దగ్గర గులకరాళ్ళలో పెరిగింది పిల్ల చేష్టలు చేస్తుంది: ఎర్రగా, తేలిగ్గా, రాస్ప్‌బెర్రీ పళ్ళు నలిపినట్టు, ఈస్టర్ నాటికే తాగడానికి సిద్ధం. బావిలో కాసేపు చల్లబెట్టి తాగితే ఆగబుద్ధి కాదు. గట్టు మీద సున్నపురాతి మట్టిలోది అలా కాదు. మొదట్లో మొహం తిప్పుకుంటుంది. నల్లగా, బిగుసుకుని, నాలిక మీద బరుగ్గా. రెండేళ్ళు ఆగితే వయొలెట్ పూలు. ఇంకా ఆగితే చెక్కిన పెన్సిల్ వాసన. ముక్కున్నవాళ్ళకి ఆ రెండూ పీపాలోనే లీలగా తెలుస్తాయి.

ఆ పెన్సిలే నాన్నకి ప్రాణం. అమ్మ ఈ ఊరి బళ్ళో టీచరు. ఒదెత్ టీచరమ్మ అంటే ఇప్పటికీ ముసలాళ్ళు టోపీ తీస్తారు. ప్రతి ఏడూ నాన్న గట్టు వైన్ వాసన చూసి ఒకటే మాటంటాడు: మీ అమ్మ క్లాసు. సోమవారం పొద్దున్న, పిల్లలందరూ కొత్తగా పెన్సిళ్ళు చెక్కుకున్నాక.

నాకు గుర్తు లేదు. అమ్మ పోయేనాటికి నాకు ఏడేళ్ళు నిండలేదు. అంతకుముందు ఏడాది ఆమె క్లాసులోనే ముందు బల్ల మీద కూర్చునేదాన్నట. ఏమీ లేదు. మొహం ఫొటోల్లోంచి తెలుసు, గొంతు అసలు తెలీదు. నాకు అమ్మంటే నాన్న గట్టు వైన్ గురించి చెప్పే మాటలే. ఇలా రాసుకుంటే సిగ్గుగా ఉంది గానీ నిజం అదే.

మార్చి 2

చలి. కత్తెర పట్టీ పట్టీ వేళ్ళు ముడుచుకోవట్లేదు. అంతే.

మార్చి 18, మంగళవారం

దీపం ఆర్పేశాను, మళ్ళీ వెలిగించుకుని రాస్తున్నాను.

ఇవాళ టూర్ పట్నం నుంచి కోర్బినో వచ్చాడు. హోటలాయన, ఏటా మా దగ్గర కొంటాడు, మెడకి పట్టు రుమాలు లేకుండా గుహలో అడుగుపెట్టడు. నాన్న గాజు గొట్టం తీసుకుని, ఎప్పట్లాగే ముందు కుడి వరసకి వెళ్ళాడు. గొట్టంతో కొంచెం లాగి, ఒకే గ్లాసులో పోసి, తను వాసన చూసి, తాగి, కోర్బినోకి ఇచ్చాడు. గులకది, రాస్ప్‌బెర్రీ, ఈ ఏడు పొగరు మీదుంది అన్నాడు. అప్పటికి నా బుర్ర పనిచెయ్యలేదు. నేను వెనక కొవ్వొత్తి పట్టుకుని, అల్పాహారానికి మేకపాల చీజ్ సరిపోతుందా అని ఆలోచిస్తున్నాను.

తర్వాత ఎడమ వరస. నాన్న గొట్టం ముంచి లాగాడు. గ్లాసులోకి పడుతుంటే రంగు చూశాను. తేలిక ఎరుపు. అప్పుడు వెలిగింది నాకు. జనవరిలో మార్చిన సంగతి ఆయనకి చెప్పనేలేదు. దేవుడా, ఇప్పుడు వాసన చూస్తాడు, ఇదేంటే అంటాడు, కోర్బినో ముందు నన్ను కడిగేస్తాడు అనుకున్నాను.

నాన్న గ్లాసు తిప్పాడు. ముక్కు లోపలికంటా పెట్టాడు. చాలాసేపు ఉంచాడు. కళ్ళు మూసుకున్నాడు. తర్వాత, మెల్లిగా నవ్వి, మీ అమ్మ క్లాసు అన్నాడు.

గులక వైన్ పట్టుకుని.

కోర్బినో కూడా కళ్ళు మూసుకుని, అబ్బ, పెన్సిల్, స్పష్టంగా పెన్సిల్ అన్నాడు. వాడి మొహం. ఇంకెప్పుడైనా అయితే నవ్వి నవ్వి చచ్చేదాన్ని.

నాన్నకి వాసన తెలీట్లేదు. ఫ్లూ వచ్చినప్పటినుంచి అయుంటుంది. మాడిన సూపు. మొన్న పాలు పొంగి స్టవ్ మీద కాలుతుంటే పక్కనే కూర్చుని పేపరు చదువుతున్నాడు. ఆయన గుహలో వాసన చూడట్లేదు, ఆ మసకలో రంగూ చూడట్లేదు, నాలిక మీది బరుకూ పట్టించుకోవట్లేదు. ఎక్కడ నిలబడి ఉన్నాడో చూసుకుని, అక్కడ చెప్పాల్సింది చెప్తున్నాడు. యాభై ఏళ్ళ అలవాటు. ఒక్క మాట కూడా తడబడలేదు.

మార్చి 19

ఇంకా నమ్మకం కుదరక, భోజనం దగ్గర వైన్ గ్లాసు అంచుకి కాస్త వెనిగర్ రాసి ఇచ్చాను. గ్లాసు ఎత్తి వాసన చూశాడు. బాగుంది అన్నాడు. నోట్లో పోసుకున్నాక ఒక్క క్షణం ఆగాడు. నా వైపు చూడలేదు. మింగేశాడు.

ఎంత తప్పుడు పని చేశాను. ఇంకెప్పుడూ ఇలాంటి వేషాలు వెయ్యను.

ఏప్రిల్ 3, గురువారం

సుద్దగీత రోజు. ఈస్టర్ అయిపోయిన తర్వాత గురువారం. మా ఇంట్లో ఇది పండగ కాదు గానీ పండగంత. ఇంటి పెద్ద గట్టు పీపాలన్నీ రుచి చూసి, ఒక్కదాని మీద సుద్దతో అడ్డంగా నిలువుగా గీత పెడతాడు. అది ఇంటి పీపా. దాన్ని అమ్మరు, దేనిలోనూ కలపరు. సీసాల్లో నింపి కొండ లోపలి గదిలో పెడతారు. పెళ్ళికి తీస్తారు, బారసాలకి తీస్తారు, చావుకి తీస్తారు. మిగిలిన పీపాలన్నీ, గట్టువీ గులకవీ, పెద్ద తొట్టిలో కలిసిపోతాయి. కలిశాక ఇంక వేరు చెయ్యడం ఎవరి తరం కాదు. గీత పెట్టిన చెయ్యే దాన్ని చెరపాలి, ఇంకొకరు ముట్టుకోకూడదు. తాతమ్మ పెట్టిన పద్ధతి అంటారు.

సుద్దముక్క అమ్మది. బడి నుంచి తెచ్చుకున్న డబ్బా ఇంకా సగం ఉంది. నాన్న ఏడాదికి ఒకసారి ఒక ముక్క తీసి, పని అయ్యాక చేతి రుమాల్లో చుట్టి మళ్ళీ అదే డబ్బాలో పెడతాడు.

ఎడమ వరస అంతా చూశాడు. పొద్దున్నే నేను చెప్పేద్దామనుకున్నాను. గడ్డం గీసుకుని, ఉతికిన చొక్కా వేసుకుని కిందకి దిగాడు. నోరు రాలేదు. మూడో పీపా దగ్గర ఎక్కువసేపు నిలబడ్డాడు. ఇది అన్నాడు. ఇలాంటి ఏడాది మళ్ళీ నేను చూడను, ఇది పరువానికి వచ్చేసరికి నేనుండను, నా చావుకి ఇది తెరవండి అన్నాడు. గీత పెట్టాడు. రెజీస్ టోపీ తీశాడు, పాపం వాడికి అప్పటికి ఏమీ తెలీదు.

ఆ పీపాలో ఉన్నది గులక వైన్. వచ్చే ఏడాదికే నీరసించి పోతుంది. గట్టుది అంతా, తొంభై ఆరు గట్టుది, ఆ నల్లటి పెన్సిల్ వాసన అంతా, పెద్ద తొట్టిలోకి పోయి టూర్ హోటల్లో బాతు మాంసం పక్కన తాగేస్తారు. పన్నెండు రోజుల్లో తొట్టి నింపాలి, లారీ మాట్లాడేశాం.

చెప్తే ఆయన తట్టుకోలేడు. చెప్పకపోతే నేను తట్టుకోలేను.

ఏప్రిల్ 6

రెజీస్‌కి చెప్పాను. వాడు నవ్వుతాడనుకున్నా. నవ్వలేదు. చాలాసేపు బూటుతో మట్టి గీకి, మీ నాన్న మాట, ఆన్సెల్మ్ మామ మాట అబద్ధం అవ్వకూడదు, అంతే కదా నీక్కావాల్సింది అన్నాడు. అంతే అన్నాను. అయితే గీత జోలికి పోకుండా లోపల సరుకు మారుద్దాం, గీత పడిన పీపాలోంచి గులకది తీసేద్దాం, గట్టుది నింపుదాం, ఒక ఖాళీ పీపా ఉంటే చాలు అన్నాడు. అరవై నాలుగులో పుట్టినా అప్పుడప్పుడు బుర్ర పనిచేస్తుంది.

గురువారం మధ్యాహ్నం చెయ్యాలి. ఆ పూట నాన్న బంతులాట క్లబ్బులో ఉంటాడు.

ఏప్రిల్ 10, గురువారం

అంతా అయిపోయింది. నాశనం.

నాన్న భోంచేసి బంతులాటకి వెళ్ళాడు. మా వైపు ఆ ఆట మెత్తటి ఇంటి చెప్పులు వేసుకుని ఆడతారు, నేల పాడవకుండా. బూట్లు గుమ్మంలో విడిచి లోపలికి పోవాలి. ఒకసారి మొదలుపెడితే చీకటిపడే దాకా రారు. మేం పంపు పెట్టాం. గీత పడిన పీపాలోంచి గులక వైన్ తీసి ఖాళీ దాంట్లో నింపేశాం. పీపా కడిగాం. పంపు గొట్టం తీసుకెళ్ళి కుడి వరసలో గట్టు పీపాలో ముంచాను. రెజీస్ పంపు మీట మీద చెయ్యి వేశాడు.

ఎందుకో వెనక్కి తిరిగాను. నాన్న నిలబడి ఉన్నాడు. ఆటలో ఓడిపోయి, కోపంతో ఎవరికీ చెప్పకుండా వచ్చేశాడట. బూట్లు మార్చుకోవడం కూడా మర్చిపోయాడు. మెత్తటి చెప్పులతో వచ్చాడు, అడుగుల చప్పుడే లేదు.

గొట్టాన్ని చూశాడు. గొట్టం ఎక్కడ మొదలైందో అక్కడినుంచి, ఎక్కడ ఆగిందో అక్కడిదాకా చూశాడు. ఖాళీ పీపా మీద సుద్దగీత చూశాడు. గట్టుది కుడివైపు ఉందా అన్నాడు. ఉంది నాన్నా అన్నాను. ఎప్పటినుంచి అన్నాడు. జనవరి, నీకు జ్వరంగా ఉన్నప్పుడు, గోడ కారుతుంటే అన్నాను. తల ఊపాడు. అంటే ఆ టూర్ వాడి ముందు అని ఆగిపోయాడు. రెజీస్ ఉండబట్టలేక, వాడికి మాత్రం ఏం తెలిసింది మామా, వాడూ పెన్సిలే అన్నాడుగా అన్నాడు. నోర్ముయ్ అన్నాడు నాన్న. వాడు మూసుకున్నాడు.

తర్వాత నాతో అన్న మాట ఇది. నన్ను అక్కడ నిలబెట్టి, నా చేత మీ అమ్మ పేరు చెప్పించి, నువ్వు కొవ్వొత్తి పట్టుకుని చూస్తున్నావా?

వెళ్ళిపోయాడు. గుహ బయట రాళ్ళ దారిలో ఆ మెత్తటి చెప్పులతోనే. తడిసిపోయి ఉంటాయి.

ఏప్రిల్ 11

తలుపు తియ్యలేదు. భోజనం బయట పెట్టాను. పిల్లి తినేసింది.

ఏప్రిల్ 13

గుహలోకి వెళ్ళాను. గీత లేదు. తడిగుడ్డతో తుడిచేశాడు.

ఏప్రిల్ 14

లారీ వాయిదా వేయించాను. కోర్బినో ఫోన్‌లో చిరాకు పడ్డాడు. పెన్సిళ్ళు చెక్కుకుంటూ కూర్చో అన్నాను. ఫోన్ పెట్టేశాక గుర్తొచ్చింది ఆయనకి అర్థం కాదని.

ఏప్రిల్ 20, ఆదివారం

లియోంతీన్ అత్త వచ్చింది. వచ్చీ రావడం నాన్న గది తలుపు చేతికర్రతో బాదింది. ఒరే ఆన్సెల్మ్, నువ్వు బయటికొస్తావా, ఈ వయసులో నన్ను గోడ దూకిస్తావా అంది. వచ్చాడు. గడ్డం పెరిగింది.

సూపు పెట్టింది. ముగ్గురం తాగాం. అడుగున కొంచెం మిగిలాక, ఎప్పట్లాగే నాన్న గిన్నెలో ఎర్ర వైన్ పోసుకున్నాడు, వేడికి ఆవిరి లేచింది. గిన్నె రెండు చేతులా ఎత్తాడు. మామూలుగా అయితే ఆ ఆవిరిలో మొహం పెట్టి కాసేపు అలా ఉంటాడు, తర్వాత తాగుతాడు. ఇవాళ ఆవిరి మొహానికి తగిలేలా పెట్టి, వెంటనే దించేశాడు. తాగలేదు.

అత్త అంది కదా, నాకు జనవరిలోనే తెలుసు, నా మాడిన సూపు రెండోసారి అడిగినవాడు ఈ లోయలో పుట్టలేదు అంది. నేను నవ్వకుండా ఉండలేకపోయాను. నాన్న కూడా నవ్వబోయాడు. నవ్వు మధ్యలో మొహం ఎటో అయిపోయింది.

అప్పుడు చెప్పాడు. బల్ల మీద రొట్టె ముక్కలు వేలితో కూడబెడుతూ చెప్పాడు. రోజూ పొద్దున్నే పెన్సిల్ చెక్కుతున్నానే అన్నాడు. చెక్కి, ఆ పొట్టు ముక్కు దగ్గర పెట్టుకుంటాను. ఏమీ ఉండదు. కళ్ళతో చూస్తే పెన్సిల్, ముక్కుకి ఏమీ లేదు. ముక్కు పోయిందని ఏడవట్లేదు నేను, గుడ్డివాళ్ళు బతకట్లేదా, చెవిటివాళ్ళు బతకట్లేదా. కానీ ఇన్నేళ్ళూ ఏడాదికి ఒకసారి పీపా దగ్గరికి వెళ్తే ఒదెత్ ఉండేది. ఇప్పుడు వెళ్తే లేదు. మళ్ళీ పోయింది. ఈసారి నేను పక్కన ఉండి కూడా ఆపలేకపోయాను.

అత్త రొట్టె బుట్ట ఆయన ముందుకి జరిపింది.

నేను బల్ల కింద చేతులు నలుపుకుంటూ, సారీ నాన్నా అన్నాను. నాన్న ఆ ముక్కల్ని అరచేతిలోకి తోసుకుని, మంగళవారం పొద్దున్న గుహ తాళం నువ్వు తియ్యి అన్నాడు.

ఏప్రిల్ 22, మంగళవారం

రాయకుండా పడుకోలేను.

పొద్దున్నే వెళ్ళాం, ఇద్దరమే. నాన్న గాజు గొట్టం నా చేతికిచ్చాడు. కుడి వరస, గట్టుది. మొదటి పీపా. లాగాను, గ్లాసులో పోశాను, వాసన చూశాను. పెన్సిల్ అన్నాను.

అది నా మాట అన్నాడు.

రెండో పీపా. వయొలెట్ పూలు అన్నాను. అదీ నా మాటే అన్నాడు. చిన్నప్పటినుంచి నీకు నేర్పిన మాటలు నాకే అప్పజెప్పకు, నీకేం తెలుస్తోందో అది చెప్పు, అబద్ధం చెప్పావో ఈ గొట్టం విరగ్గొడతాను అన్నాడు. నాకు కోపం వచ్చింది. నాకెక్కడివి నాన్నా వేరే మాటలు, నువ్వు చెప్పిందే కదా నాకున్నది, అమ్మనైనా నీ నోటినుంచే కదా నేను చూసింది అన్నాను. గుహలో గట్టిగా వినిపించింది. అలా అనాలనుకోలేదు, వచ్చేసింది. నాన్న తల దించుకున్నాడు.

మూడో పీపా. కావాలని తొందరగా ముంచి తొందరగా లాగాను. అయిపోతే చాలనిపించింది. గ్లాసు మొహం దగ్గర పెట్టుకున్నాను. ముందు అదే, కర్ర, నల్లటి పెన్సిల్ ములుకు, తడి రాయి. తర్వాత దాని వెనక ఇంకేదో ఉంది. పండు కాదు, పువ్వు కాదు. గ్లాసు తిప్పాను. పోయింది. కళ్ళు మూసుకుని ఆగాను. మళ్ళీ వచ్చింది. నాకు తెలుసు అది. ఎక్కడిదో తెలీదు, కానీ తెలుసు.

నారింజ తొక్క నాన్నా అన్నాను. పచ్చి తొక్క కాదు. వేడి ఇనుము మీద పెడితే అంచులు ముడుచుకుంటాయి చూడు, అలా. కాలుతూ కాలకుండా.

కళ్ళు తెరిస్తే నాన్న పీపా అంచు పట్టుకుని ఉన్నాడు. నీకెవరు చెప్పారు అన్నాడు. ఏం చెప్పారు అన్నాను. తొక్కల సంగతి నీకెవరు చెప్పారే, లియోంతీన్ చెప్పిందా అన్నాడు. ఏ తొక్కలు నాన్నా, వాసన అలా ఉంది, చెప్పమన్నావు, చెప్పాను అన్నాను.

అప్పుడు చెప్పాడు. చలికాలం క్లాసులో పిల్లలందరూ తడి మేజోళ్ళు పొయ్యి చుట్టూ ఆరేసేవారట. ఆ కంపు భరించలేక అమ్మ రోజూ ఒక నారింజ ఒలిచి, తొనలు ముందు బల్ల వాళ్ళకి పంచి, తొక్కలు పొయ్యి పైన పెట్టేదట. సాయంత్రం నాన్న తీసుకెళ్ళడానికి వస్తే ఆమె కోటుకి అదే వాసన ఉండేదట. నేనెప్పుడూ ఎవరికీ చెప్పలేదే అన్నాడు. నాకే గుర్తు లేదు. ఇన్నేళ్ళు పెన్సిల్ పెన్సిల్ అంటూ, దీన్ని నేనే మర్చిపోయాను అన్నాడు.

ముందు బల్ల. అక్కడ కూర్చునేది నేను.

అంతే, వచ్చేసింది. మొహం కాదు. చెయ్యి. వేళ్ళ సందుల్లో సుద్ద పొడి, గోళ్ళ కింద నారింజ పసుపు. ఆ చెయ్యి నా బల్ల మీద ఒక తొన పెట్టింది. మిగతా పిల్లలకన్నా చిన్నది పెట్టింది, టీచరు కూతురు కదా, పక్షపాతం అనుకుంటారని. నాకు భలే కోపం వచ్చింది. ఆ కోపం కూడా గుర్తొచ్చింది. ముప్ఫై మూడేళ్ళ ఆడదాన్ని, గుహలో గ్లాసు పట్టుకుని, చిన్న తొన ఇచ్చిందని ఏడ్చాను.

నాన్న ఊరుకోమనలేదు. ఏడ్చినంతసేపు ఏడవనిచ్చాడు. తర్వాత జేబులోంచి రుమాలు తీశాడు. కళ్ళు తుడుచుకోమని కాదు. విప్పితే సుద్దముక్క.

గీత పెట్టాను. అడ్డగీత కిందకి జారింది. వంకరగా ఉంది అన్నాడు నాన్న. చెరిపి మళ్ళీ పెట్టనా అన్నాను. వద్దు, అది నీది, అలాగే ఉండనీ అన్నాడు. దీన్ని నీ చావుకి తెరవాలా అన్నాను. నీ బుద్ధి చూడు, ముందు బతికుండగా ఒక సీసా తెరవండి అన్నాడు.

మధ్యాహ్నం మిగిలినవన్నీ తొట్టిలోకి వెళ్ళాయి. రెజీస్ వచ్చి గీత చూసి, అరవై మూడు కూడా పండింది అన్నాడు. గొట్టం వాడి మీదకి ఎత్తాను.

జూన్ 19

బయట ఎండ మండిపోతోంది. తోట నుంచి వచ్చేసరికి వంటింట్లో కట్టెల పొయ్యి వెలిగించి ఉంది. పైన నారింజ తొక్కలు. నాన్న చెమటలు కక్కుతూ ఎదురుగా కుర్చీ వేసుకుని కూర్చున్నాడు. వస్తోందా అన్నాను. నాకు కాదు, నువ్వు కూర్చో అన్నాడు.

ఓరగా ఉన్న కిటికీ బార్లా తెరుద్దామని వెళ్ళి, మూసేసి వచ్చాను.